నాలుగో పేరు

పుంగ్గోల్‌లో రైలు తలుపులు మూసుకునేసరికి ఎనిమిదిన్నర. తొమ్మిదింటికి అమెరికా నుంచి మార్టిన్ ఫోన్ చేస్తాడు, అక్కడో బేస్‌బాల్ క్లబ్బుకి ఆటగాళ్ళని ఎంచే పెద్ద అతనే. అప్పటికి అక్కడ రాత్రి ఎనిమిదవుతుంది, అతని ముందు బల్ల చుట్టూ ఏడుగురు కూర్చుని ఉంటారు, ఏడుగురూ మగవాళ్ళే, ఏడుగురూ మాటలు రాని వయసు నుంచీ బేస్‌బాల్ చూస్తున్నవాళ్ళే, అయినా సరే ఫోను బల్ల మధ్యలో పెట్టి "సింగపూర్ ఏమంటుందో విందాం" అంటారు. సింగపూర్ అంటే ఉమ. ఒక దేశం పేరంతా తెచ్చి తనొక్కదానికే పెట్టేశారు వాళ్ళు. మొదట్లో వినడానికి ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు ఎవరైనా ఉత్త ఉమ అంటేనే కాస్త తగ్గించినట్టు అనిపిస్తుంది. ఆ సంగతి పైకి అనదు. అనకపోయినా చూసేవాళ్ళకు తెలుస్తుంది, ఆ మెడ నిలిపే తీరులోనే ఉంది. మూలసీటు దొరికింది, లైనులో మొదటి స్టేషను వాళ్ళకుండే సుఖమది. లాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇక అరగంట. ఈ అరగంటలో నలుగురు కుర్రాళ్ళలో ఏ ఇద్దరిని వదులుకోవాలో తేల్చుకోవాలి, తను చెప్పిందే ఖాయం చేస్తానని మార్టిన్ నోరు తెరిచి అన్నాడు. ఏడేళ్ళలో ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

ఇంట్లోనే ఉండి మాట్లాడొచ్చు. చాలాసార్లు అలాగే చేస్తుంది. కానీ ఇంట్లో నాన్న ఉన్నాడు, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోనులో ఇంగ్లీషు ఒక్కముక్క అర్థం కాకపోయినా "ఏమంటన్నాడు, ఏమంటన్నాడు" అని మోచేత్తో పొడుస్తూ ఉంటాడు. పెద్దపనులు ఆయన ముందు చెయ్యడం ఉమకి ఈ వయసులోనూ చేతకాదు. నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి, పదిహేనేళ్ళ కూతురుంది, బ్యాంకులో పద్నాలుగేళ్ళు మునిగిపోయే అప్పుల్ని ముందే వాసన పట్టే పని చేసింది, ఆ బ్యాంకు వాళ్ళు ఒక శుక్రవారం మధ్యాహ్నం అట్టపెట్టె చేతికిచ్చి పంపేస్తే, మార్టిన్ క్లబ్బుకి లెక్కలు కట్టిపెట్టే, ఆరుగురు మనుషులున్న ఈ చిన్న కంపెనీలో చేరి, ఎన్నడూ కళ్ళారా చూడని ఆటలో ఎవరు పైకొస్తారో ఎవరు చతికిలబడతారో అంకెలు చూసి చెప్పడం నేర్చుకుంది. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా బేస్‌బాల్ మైదానంలో కాలు పెట్టలేదు. పెట్టాలని లేదు కూడా, మైదానంలో కూర్చుంటే ఒక ఆటే కనిపిస్తుంది, ఇక్కడ కూర్చుంటే నాలుగువందలు కనిపిస్తాయి. ఇలాంటి మాట ఒకసారి మార్టిన్‌తో అంటే అతను నవ్వి, తర్వాత ఎక్కడో మీటింగులో తన మాటగా చెప్పాడట. చెప్పుకోనీ. సెంగ్‌కాంగ్ వచ్చింది, జనం ఎక్కారు, బడిసంచీల పిల్లలు లేరు, డిసెంబరు సెలవులు.

ఇద్దరిని ఇస్తే ఒకడు వస్తాడు. వచ్చేవాడు గారెట్, ముప్పయ్యొక్కేళ్ళవాడు, పిచ్చర్, మన క్రికెట్టు లెక్కన బౌలరు. ఆట మొదలవగానే బంతి అందుకుని, తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఆరింటి దాకా ఒక్కడే మోయగలవాడు. ఒకసారి మోస్తే మళ్ళీ అయిదో రోజు దాకా భుజం ఎత్తకూడదు కనుక అలాంటివాళ్ళు జట్టుకు అయిదుగురు కావాలి, మార్టిన్ దగ్గర నలుగురే ఉన్నారు, ఆ అయిదోవాడు లేకనే పోయిన సెప్టెంబరులో జట్టంతా కళ్ళముందే జారిపోయింది. గారెట్ వస్తే నిలబడతారు. రాకపోతే మార్టిన్ ఉద్యోగం ఉండదు, మార్టిన్ పోతే కొత్తగా వచ్చేవాడికి సింగపూర్ అంటే ఎయిర్‌పోర్టు మాత్రమే గుర్తొస్తుంది. గారెట్ కోసం ఇంకో క్లబ్బు కూడా వాకిట్లో నిలబడి ఉంది. గారెట్ ఇప్పుడున్న క్లబ్బువాళ్ళు నిన్న నాలుగు పేర్లు రాసి పంపారు, నలుగురూ మార్టిన్ క్లబ్బు కింది జట్లలో పెరుగుతున్న కుర్రాళ్ళు, వీళ్ళలో ఏ ఇద్దరైనా సరే మీ ఇష్టం అన్నారు. మీ ఇష్టం అనే మాట విన్నప్పటి నుంచీ ఉమకి ఎక్కడో దురద. బేరానికొచ్చినవాడు మీ ఇష్టం అన్నాడంటే అతని ఇష్టం ఏదో ఒకటి గట్టిగా ఉండి ఉండాలి.

ఇప్పుడీ నలుగురి అసలు పేర్లు ఇంట్లో ఎవరికీ గుర్తుండవు, నాన్న పెట్టిన పేర్లే చెల్లుతున్నాయి. నిన్న సాయంత్రం అన్నం తినే బల్ల మీద లాప్‌టాప్ పెట్టి వీడియోలు వేస్తే, నాన్న పరంధామయ్య పెరుగన్నం గిన్నె పట్టుకుని ముందుకు వంగి చూశాడు. మొదటివాడు కోల్, ఆరడుగుల ఆరంగుళాల పిచ్చర్, వాడు పొడుగోడు. రెండోవాడు ఎడంచేత్తో విసురుతాడు, వాడు ఎడంచేతోడు. మూడోవాడు బంతి ఎటు పోతుందో చూడకముందే పరుగెత్తే డారియస్, వాడు తొందరోడు. నాలుగోవాడు విల్కిన్. వాడికి నాన్న మూడేళ్ళ కిందటే, సింగపూర్ వచ్చిన మొదటి ఏడాదే, నిమ్మళం అని పేరు పెట్టేశాడు. "వాడు సూడమ్మా, బంతి వాడి మొగాన వస్తన్నా రెప్ప ఆర్పడు, నిమ్మళంగా కూసున్నాడు" అన్నాడు. నిఖిల చదువు వదిలేసి వచ్చి తాత భుజం మీద గడ్డం ఆనించి, "తాతా, దట్ తొందరోడు కెనాట్ మేకిట్ లా, ఎవ్రీథింగ్ ఆల్సో స్వింగ్" అంది. నాన్నకి మేకిట్ అర్థమైంది, పనికిరాడంటోందని, అవునవునని తలూపాడు. వీళ్ళిద్దరికీ మధ్య ఏ భాష నడుస్తుందో ఉమకి అంతుపట్టదు, కానీ నడుస్తుంది.

ఒంగోలు చుట్టుపక్కల సంతల్లో నలభై ఏళ్ళు ఎద్దుల బేరాలు కుదిర్చిన మనిషి. అమ్మేవాడి తరఫునా కొనేవాడి తరఫునా తనే, తువాలు కింద వేళ్ళు పట్టుకుని ధర నొక్కి చెప్పడం, పైకి మాత్రం వానల గురించి మాట్లాడటం. పరంధామయ్య చూసిన ఎద్దుకి పళ్ళు చూడక్కర్లేదని సంతలో అనేవాళ్ళట, ఈ మాట ఇతరులెవరూ చెప్పగా ఉమ వినలేదు, ఆయనే చెప్పాడు, చాలాసార్లు. మూడేళ్ళ కిందట అమ్మ పోయాక, ఒంటరిగా ఉండనీయనని పట్టుబట్టి తెచ్చుకుంది. వచ్చిన కొత్తలో పదమూడో అంతస్తు కిటికీలోంచి కిందికి చూసి, ఇన్ని ఇళ్ళున్నాయి ఒక్క గొడ్డు లేదేంది అన్నాడు. రెండు నెలలు అదే దిగులు. తర్వాత ఒకరోజు ఉమ వెనక నిలబడి ఈ వీడియోలు చూశాడు, ఇంకేముంది, కుర్చీ వేసుకున్నాడు. ఈ కుర్రాడు కుడికాలు దాస్తన్నాడు, మడమ నొప్పేమో అడుగు. అడిగితే నిజంగానే మడమ నొప్పి. మార్టిన్‌కి చెప్పలేదు ఈ గొప్పతనం ఎవరిదో, తన ఖాతాలోనే వేసుకుంది, ఇంట్లో మాత్రం ఆ రోజు పాయసం చేసింది. అయినా ఒకరోజు ఉండబట్టలేక, "మనుషులు నాన్నా వాళ్ళు, ఎద్దులతో పోల్చకు, బాగుండదు" అంటే ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "నేను మనుషుల్ని ఎద్దులతో ఎప్పుడు పోల్చానమ్మా? ఎద్దుల్నే మనుషుల మాదిరి చూశా. నీకేం తెలుసు" అన్నాడు. 

నిన్న రాత్రి భోజనాలయ్యాక తీర్పు కూడా చెప్పేశాడు. "పొడుగోణ్ణీ తొందరోణ్ణీ ఇచ్చెయ్. పొడుగోడు సూపుకే, మోకాళ్ళు బలం లేదు. తొందరోడు ఎక్కడున్నా తొందరోడే. నిమ్మళాన్ని మాత్రం ఎవరికీ ఇయ్యబాక, వాడు నీ చేతుల్లో పెరిగినోడు." పొద్దున బయల్దేరేటప్పుడు చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలోకి వచ్చి మళ్ళీ అదే, రెండు వేళ్ళు ఎత్తి చూపించి, పొడుగోడు, తొందరోడు. ఉమ తలూపింది. తన లెక్కలు కూడా దాదాపు అదే చెబుతున్నాయి. తండ్రి మాటా కూతురి లెక్కా ఒకటైనప్పుడు ఇంకా ఆలోచించేదేముంది, ఫోనెత్తి రెండు పేర్లు చెప్పి కాఫీ తాగడమే. అయినా హౌగాంగ్ దాటుతుంటే ఫోను తీసి విల్కిన్ వీడియోలే ఎందుకు తెరిచిందో తనకే తెలియదు. ఇవ్వబోయేవాళ్ళని కదా మరోసారి చూసుకోవాలి.

విల్కిన్ సంగతి వేరు. వాడిని కనిపెట్టింది తను. డొమినికన్ దేశంలో ఒక చెరకుతోటల ఊరు, అక్కడ కుర్రాళ్ళకి క్లబ్బు పెట్టిన శిక్షణ శిబిరం, అందులో పదిహేడేళ్ళ విల్కిన్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టేవాడు, మన వికెట్‌కీపర్ లాగా. బ్యాటు పట్టుకుంటే దేనికీ పనికిరాడు, ఆ విషయంలో ఉమకి భ్రమలు లేవు. వాడి కోసం వెతకలేదు కూడా, ఆ శిబిరంలో విసిరేవాళ్ళని వెతుకుతోంది. చూస్తే తొమ్మిదిమంది పిచ్చర్ల అంకెలు ఉన్నట్టుండి బాగున్నాయి. అందరి అంకెలూ ఒకేసారి బాగుపడితే తప్పు అంకెల్లోనే ఉంటుందని బ్యాంకు నేర్పింది. బంతిని కొలిచే మిషను పాడైందేమోనని మూడువారాలు కొట్టుకుంది, గాలి చూసింది, బంతుల కంపెనీ మారిందేమో చూసింది, కళ్ళు వాచాయి, భర్త హరికృష్ణ వంట నేర్చుకున్నాడు. చివరికి ఒక ఆదివారం, బట్టలు మడతపెడుతూ, తొమ్మిదిమందికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో తట్టింది. పట్టేవాడు. విల్కిన్ పట్టినరోజే వాళ్ళు బాగా విసురుతున్నారు, ఇంకొకడు పట్టినరోజు మామూలే. వాడి చేతిగ్లవ్ కదలదు. విసిరేవాడు భయపడితే వాడు లేచి వెళ్ళి ఏదో ఒక్కమాట చెప్పి వస్తాడు, ఏం చెబుతాడో ఏ కెమెరాకీ వినపడదు, తర్వాతి బంతి సరిగ్గా పడుతుంది. తన పేరు మీద ఒక్క గొప్ప అంకె లేనివాడు, పక్కవాళ్ళ పేర్ల మీద కనిపిస్తున్నాడు. రెండు పేజీలు రాసింది. ఏడుగురిలో ఎవరో నవ్వారట, మార్టిన్ నవ్వలేదు, పోతే పోయిందని సంతకం పెట్టించాడు. సంతకం రోజున ఆ పిల్లాడు ఫోనులో గొంతు రికార్డు చేసి పంపాడు, "గ్రేసియాస్, సెన్యోరా సింగపూర్," థాంక్స్ సింగపూర్ అమ్మగారూ అని, వాళ్ళ స్పానిష్‌లో. ఉమ దాన్ని ఎవరికీ వినిపించలేదు, తనే వింది, ఆ రోజు చాలాసార్లు.

ఇప్పుడు ఫోనులో శబ్దం లేకుండా ఆడుతున్నది ఈ డిసెంబరు ఆటలే, విల్కిన్ సొంత దేశంలో జరిగే చలికాలం లీగు. విల్కిన్ కూర్చున్నాడు, గ్లవ్ పెట్టాడు, బంతి వచ్చింది, కదలలేదు. చూస్తుంటే కడుపు నిండినట్టుంది. ఇంకో ఆట. ఇంకోటి. కోవన్‌లో ఎవరో ఆవిడ పక్కన కూర్చుని టిష్యూ ప్యాకెట్టు కిందపడేసుకుంది, ఉమ వంగి తీసిచ్చి మళ్ళీ తెర చూసేసరికి, విల్కిన్ కాదు, వాడి వెనక వలతెర, వలతెర వెనక జనం, జనంలో ఆకుపచ్చ టోపీ. ముందు ఆటలోనూ ఆకుపచ్చ టోపీ ఉన్నట్టుంది. వెనక్కి తిప్పింది. ఉంది. అదే కుర్చీ. అంతకుముందు ఆటలో కూడా ఉంది. ఆరు ఆటలు, ఆరింటిలోనూ అదే మనిషి, పలచటి గడ్డం, ఒళ్ళో పుస్తకం. ఇలాంటివాళ్ళు ఉంటారులే, కుర్రాళ్ళని చూడటానికి క్లబ్బులు పంపే మనుషులు. అయితే ఈయన విల్కిన్ జట్టు బ్యాటింగుకి రాగానే లేచిపోతున్నాడు. కుర్చీ ఖాళీ. విల్కిన్ మళ్ళీ వెనక గొంతుక్కూర్చునే వేళకి తిరిగొస్తున్నాడు, ఒకసారి చేతిలో తినేదేదో పట్టుకుని, దాదాపు పరుగెత్తి. బ్యాటు పట్టేవాళ్ళని చూడటానికి వచ్చినవాడు బ్యాటింగప్పుడు లేచిపోడు. ఉమ రెండువేళ్ళతో బొమ్మ పెద్దది చేసింది. గారెట్‌ను అమ్ముతున్న క్లబ్బు సైటు తెరిచింది, సిబ్బంది ఫొటోలు వరుసగా జరిపింది, సెరంగూన్‌లో జనం తోసుకుని ఎక్కుతున్నారు, ఎవరిదో గొడుగు మోకాలికి తగిలింది, సారీ ఆంటీ అన్నారు, పలచటి గడ్డం దొరికింది. మిగతా ముగ్గురిలో ఒక్కడు కూడా ఆ దేశంలో ఆడటం లేదు.

తొమ్మిదేళ్ళప్పుడు ఒక్కసారి నాన్న సంతకి తీసుకెళ్ళాడు. ఇంట్లో అమ్మకి జ్వరం, బడి లేదు, ఎక్కడ వదలాలో తోచక బండెక్కించాడు, తలకి తువాలు చుట్టి మగపిల్లాడిలా. నాలుగు కోడెలు వరసగా కట్టి ఉన్నాయి. కనిగిరి వైపు నుంచి తెల్లపంచె ఆసామి వచ్చాడు. మొదటిదాని నోరు తెరిచి పళ్ళు చూశాడు, రెండోదాని వీపు నిమిరాడు, మూడోదాన్ని నాలుగడుగులు నడిపించాడు, ధరలడిగాడు, మూతి విరిచాడు. నాలుగోదాన్ని ముట్టుకోలేదు. నాలుగోదాని వైపు చూడనైనా లేదు. కానీ ఎక్కడ నిలబడినా దానికి భుజం ఆనేంత దగ్గరలోనే నిలబడుతున్నాడు, మాట్లాడుతూ మాట్లాడుతూనే తువాలుతో దాని కంటిమీద ఈగని తోలాడు. తోలాడన్న సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు. బండిమీద కూర్చున్న ఉమ గట్టిగా అరిచింది, నాన్నా, ఆయనకి కావాల్సింది ఆ చివరిది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. తెల్లపంచె ఆసామి ముఖం మాడిపోయింది. నాన్న మెప్పుగా చూస్తాడనుకుంది, ఆయన చెవి పట్టుకుని బండి దింపాడు. సంతలో కనపడింది సంతలో అనకూడదు, ఆడపిల్లని తీసుకురావడం నాదే బుద్ధి తక్కువ అన్నాడు. మళ్ళీ ఎన్నడూ తీసుకెళ్ళలేదు. ఆ చివరి కోడె ఆ రోజు ఎంతకి పోయిందో, తన అరుపు వల్ల పెరిగిందో తరిగిందో, నాన్న చెప్పలేదు, తను అడగలేదు. చెవి మాత్రం చాలారోజులు మండింది. నిజానికి ఇప్పటికీ మండుతోంది.

నాలుగు పేర్లు. నాలుగోది విల్కిన్. బల్ల చుట్టూ ఉన్న ఏడుగురూ ఆ వరసని ఇష్టాల వరస అనుకున్నారు, మొదటివాడి కోసం తన్నుకులాడుతున్నారు, విల్కిన్‌ని కొసరు కింద లెక్కేశారు. కూరగాయలావిడ చివర్లో వేసే కరివేపాకు రెబ్బలాగా, ఎవరితో కావాలంటే వాళ్ళతో కలిపేద్దాం అని నిన్న మెయిల్లో రాశాడొకడు. సంత తెలియని మనుషులు పాపం, అడగదలుచుకున్నదాన్నే మొదట రాస్తారనుకుంటారు. నాన్నకేమైంది? సంతలోనే పుట్టి పెరిగిన మనిషి, నిన్న ఆయనకే ఆ నాలుగు పేర్లూ చదివి వినిపించింది, ఇదే వరసలో. ఆయనకి తట్టలేదు. నిమ్మళాన్ని ఇయ్యబాక అన్నాడేగానీ, వాళ్ళకి కావాల్సింది నిమ్మళమే అని అనలేదు. ఈ ఆలోచన వచ్చినప్పుడు ఉమకి రైలు ఏ స్టేషన్లో ఉందో కూడా తెలియలేదు. ఆయనకి తట్టనిది తనకి తట్టింది. పైకి నవ్వు రాబోతే పెదవి బిగబట్టింది, ఎదుటి సీటులో ముసలాయన తననే చూసి నవ్వుతోందనుకునేలా ఉన్నాడు.

సరే, తట్టింది. తట్టి ఏం చెయ్యాలి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పొడుగోడు, తొందరోడు అని రెండు పేర్లు చెబితే అవతలివాళ్ళు మీ ఇష్టం అన్నారు కనుక మింగలేక కక్కలేక తీసుకుంటారు, గారెట్ వస్తాడు, విల్కిన్ ఇంట్లోనే ఉంటాడు, తన చేతుల్లో పెరిగినవాడు తన చేతుల్లోనే. ఎంత హాయి. అయితే ఇంట్లో ఉండి ఏం చేస్తాడు? మార్టిన్ జట్టులో వెనక కూర్చునేవాడు మొన్ననే ఆరేళ్ళకి సంతకం పెట్టాడు, ఇరవైఏడేళ్ళవాడు, గోడలా ఉన్నాడు, వాడు కదిలేదాకా విల్కిన్ చిన్నఊళ్ళలో బస్సులెక్కి దిగుతూ ఉండాలి, అరవైమంది చూసే ఆటల్లో. ఇరవైఏళ్ళవాడికి ఆరేళ్ళంటే ఏమిటి. అవతలి క్లబ్బులో చూడు, గారెట్ పోగా అయిదుగురు పిచ్చర్లు, అందరూ పాతికేళ్ళలోపు వాళ్ళు, అందరికీ బలం ఉంది, అందరికీ భయం ఉంది, వెనక కూర్చుని ఆ ఒక్కమాట చెప్పేవాడే లేడు. వాడక్కడికి వెళ్తే ఏప్రిల్లో పెద్దమైదానంలో కూర్చుంటాడు. వాడిని ఇక్కడ దాచుకోవడం తన గొప్పకోసం దాచుకోవడమే. ఫోనులో గొంతు రికార్డు దాచుకున్నట్టు.

పోనీ ఇచ్చేస్తుంది. విల్కిన్, పొడుగోడు. విల్కిన్, తొందరోడు. రెండు రకాలుగానూ మనసులో అనుకుని చూసింది, పొటాంగ్ పాసిర్ నుంచి బూన్ కెంగ్ దాకా అదే. ఎలా అన్నా విల్కిన్ పక్కన ఇంకో పేరు అంటుకుంటోంది. రేపు పేపర్లో పొడుగోడి ఫొటో వేస్తారు, పొడుగోడూ మరొకడూ కలిసి గారెట్‌కి బదులు వెళ్ళారని రాస్తారు. మరొకడు! ఒళ్ళు మండింది ఉమకి. మూడువారాలు కళ్ళు వాచేలా చూసి, మట్టిలోంచి తీసి, నవ్వినవాళ్ళ నోళ్ళు మూయించి నిలబెట్టిన పిల్లాడు మరొకడా? వాళ్ళకి కావాల్సింది వాడు. వాడికోసం ఆరు ఆటలు కుర్చీలోంచి లేవని మనిషి ఉన్నాడు. వాడి విలువ గారెట్ అంత, పూర్తిగా అంత, ఇంకొకణ్ణి కలిపితే వాడిని తగ్గించినట్టే. ఒక్కడే.  కాదంటారేమో. ఆకుపచ్చ టోపీ వాడి సొంత సరదాకి కూర్చున్నాడేమో. వీళ్ళు ఎగతాళి చేస్తున్నారనుకుని వాకిట్లో ఉన్న ఇంకో క్లబ్బుకి గారెట్‌ని ఇచ్చేస్తే, మార్టిన్ పోతాడు, తన కంపెనీలో ఆరుగురి పనీ పోతుంది, ఇదంతా ఒక టోపీని నమ్మి. అయినా టోపీని నమ్మడం లేదు తను. మూడేళ్ళుగా చూస్తున్న ఆ గ్లవ్‌ని నమ్ముతోంది, అది కదలలేదు, ఒక్కసారీ కదలలేదు.

ఫారర్ పార్క్ వస్తుండగా ఫోను మోగింది. ఇంకా ఎనిమిది నిమిషాలుంది తొమ్మిదికి. తలుపులు తెరుచుకోగానే దిగిపోయి, ప్లాట్‌ఫాం మీద స్తంభం పక్కకి వెళ్ళి నిలబడింది.

"ఉమా, ముందే చేశాను, వాళ్ళు తొందరపెడుతున్నారు. ఏ ఇద్దరు?" మార్టిన్ ఇంగ్లీషు ఎప్పుడూ కాస్త తొక్కిసలాటగా ఉంటుంది.

"ఇద్దరు కాదు. ఒక్కడే. విల్కిన్."

అవతల కుర్చీ కిర్రుమంది. ఎవరో నవ్వారు. ఇంకెవరో, బ్యాటు పట్టుకోవడం రానివాడినా, అన్నారు, ఫోనుకి దూరంగా. ఉమ ఆగింది, నవ్వు పూర్తికానిచ్చింది, తర్వాత చెప్పింది, ఆరు ఆటలు, ఒకే కుర్చీ, అవతలి క్లబ్బు సైటులో ఆ మనిషి ఫొటో ఎక్కడుందో, వాళ్ళ అయిదుగురు పిచ్చర్ల వయసులు, వాళ్ళ దగ్గర లేనిదేమిటో. ఒకటిన్నర నిమిషం పట్టింది. ఇంగ్లీషులో తప్పులు దొర్లాయేమో కూడా పట్టించుకోలేదు.

"వాళ్ళు అడిగింది ఇద్దరిని" అన్నాడు మార్టిన్.

"కావాల్సింది ఒకడిని. అడగండి."

"కాదంటే?"

"కాదంటే తప్పు నాది. సింగపూర్ తప్పు అని రాసుకోండి."

బల్ల చుట్టూ ఎవరూ నవ్వలేదు ఈసారి. లైన్లో ఉండమన్నాడు. ఫోను మూగపోయింది.

ఒక రైలు వచ్చి వెళ్ళింది. జనం దిగి, కదిలే మెట్లమీద ఎడమపక్కకి సర్దుకుని నిలబడి పైకి వెళ్ళారు, అందరికీ ఎక్కడో ఒకచోట మామూలు గురువారం ఉంది. ఉమ సంచిలో నీళ్ళసీసా ఉంది, తియ్యబుద్ధి కాలేదు, ఇక్కడి రైలు స్టేషన్లలో నీళ్ళయినా తాగకూడదు కూడా. అడగకుండా ఉండాల్సిందా. ఏడేళ్ళు చెప్పిన ప్రతి అంకె వెనకా ఇంకో అంకె నిలబెట్టింది, ఈ ఒక్కదాని వెనక ఒక టోపీని నిలబెట్టింది. పొడుగోడు, తొందరోడు అనేస్తే ఈపాటికి రైల్లో ఉండేది. హరికృష్ణకి ఏమని చెబుతుంది, నిఖిలకి? నాన్న ముఖం ఎలా చూస్తుంది? ఆయన ఏమీ అనడు, పాత బేరం ఏదో ఎత్తుకుని, దాంట్లో తనేం చేశాడో చెబుతాడు, అది ఇంకా దుర్భరం. అయినా, ఎంత భయపడుతున్నా, మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతాను అనుకుంది. ఆ పిల్లాడి పేరు ఒక్కసారైనా ఇంకెవరి పేరూ పక్కన లేకుండా ఎవరో ఒకరు పలకాలి. ఇవాళ తను పలికింది.  రెండో రైలు వస్తున్న గాలి చెంపలకి తగిలింది.

"ఉమా?"

"ఉన్నాను."

"సరేనన్నారు." మార్టిన్ గొంతు వింతగా ఉంది, నవ్వో ఏడుపో తెలియకుండా. "ఇద్దరి మాటే ఎత్తలేదు. విల్కిన్ పేరు చెప్పగానే సరేనన్నారు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు."

నాలుగు నిమిషాలా! ఉమకి మొదట వచ్చిన ఆలోచన సంతోషం కాదు. అంత తొందరగా ఒప్పుకున్నారంటే తక్కువకి ఇచ్చేశాం, గారెట్‌తో పాటు ఇంకొకణ్ణి అడగాల్సింది, అయ్యో. తర్వాతే నవ్వొచ్చింది, ఆ నవ్వుతోబాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, తన పిల్లాడు తను అనుకున్నదానికన్నా కూడా ఎక్కువట, ఇంకేం కావాలి. ఫోనులో వెనక ఏడుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరో సింగపూర్, సింగపూర్ అని బల్ల చరుస్తున్నారు. ఉమ స్తంభానికి వీపు ఆనించి, కొంగులేని చుడీదారు వేసుకున్నందుకు చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. పోయాడు. రేపటి నుంచి వాడి అంకెలు చూడాలంటే అవతలి గుమ్మంలోంచి చూడాలి, పరాయివాడిలా. గుండె బరువెక్కింది, బరువెక్కినా అది మోయగలిగిన బరువే, ఇంకా చెప్పాలంటే మోస్తూ నలుగురికీ చూపించుకోవాలనిపించే బరువు.

ఇంటికి ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు, పక్కనే పెట్టుకుని కూర్చున్నట్టున్నాడు.

"ఏమైందమ్మా? ఎవరెవర్ని ఇచ్చావు?"

"విల్కిన్‌ని ఇచ్చేశాను నాన్నా. నీ నిమ్మళాన్ని."

"అయ్యో" అన్నాడు పరంధామయ్య. "ఇయ్యబాకన్నా గదా. ఇంకోడెవరు?"

"ఇంకోడు లేడు. వాళ్ళకి కావాల్సింది వాడే, పేరు చివర్లో రాశారు. వాడొక్కడికే గారెట్‌ని ఇచ్చారు."

 ఫోనులో నిఖిల గదిలోంచి పాటేదో వినపడుతోంది, ఫ్యాను తిరుగుతోంది.  నాన్న గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు.

"నేనైతే ఇద్దర్నీ ఇచ్చేసొచ్చేవాణ్ణమ్మా" అన్నాడు.